సొట్ట తీస్తేనే స్వరం

పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం హోరెత్తిస్తుంటే అందరి కళ్లూ పెళ్లికొడుకు మీదే. ఇత్తడి బూరకు పడ్డ సొట్ట ఎవరికీ కనిపించదు. ఊదేవాడికి మాత్రం ప్రతి పాటలోనూ అది తెలిసిపోతూనే ఉంటుంది. ఆ సొట్టను మళ్లీ పైకి తేవడం వెనక పెద్ద విద్యే ఉంది!

వంటింట్లో ఇత్తడి బిందెకు సొట్ట పడిందనుకోండి. ఏమవుతుంది? ఓ గ్లాసుడు నీళ్లు తక్కువ పడతాయి. చూడ్డానికి కాస్త వంకరగా ఉంటుంది. అంతే. ఇంకో ఇరవై ఏళ్లు ఆ బిందె నిక్షేపంగా పనిచేస్తుంది. అదే సొట్ట ట్రంపెట్‌కు పడితే? కొన్ని స్వరాలు శ్రుతి దాటి పైకి జారతాయి. కొన్ని కిందికి దిగుతాయి. ఒకటో రెండో ఎంత ఊదినా నిలబడవు. దెబ్బ మరీ తగలరాని చోట తగిలితే వాయిద్యం మొత్తం మూగబోతుంది.

కారణం సులువే. బిందెకు కావాల్సింది లోపల ఖాళీ ఉండటం. బూరకు కావాల్సింది ఆ ఖాళీకి సరైన ఆకారం ఉండటం. పాట పుట్టేది ఆ ఆకారంలోంచే.

శిల్పాల్లో లేని బూర

కృష్ణ ఒడ్డున అమరావతికి వెళ్తే పాటకూ ఆ ఊరికీ ఎంత పాత చుట్టరికమో తెలుస్తుంది. రాజధానికి పేరిచ్చిన ఈ పాత ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరుడి గుడి ఇక్కడే ఉంది. ఇక్కడి మహాస్తూపానికి దాదాపు 2 వేల ఏళ్ల కిందట పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన పలకలు ఇప్పుడు అమరావతి, చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో వాయిద్యగాళ్లు కూడా కనిపిస్తారు. విల్లులా వంగిన వీణ ఉంది. మద్దెలలున్నాయి. శంఖం ఉంది. కానీ పెళ్లి అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చే ట్రంపెట్టూ యుఫోనియమూ ఎక్కడా కనిపించవు.

కనిపించకపోవడం సహజమే. కొమ్ము బూరలు మన ఊళ్లకు ఎప్పట్నుంచో తెలుసుగానీ, మీటలు నొక్కి స్వరాలు మార్చే ఇత్తడి బూరలు తెల్లవాళ్ల పటాలాల వెంట వచ్చాయి. అంతకుముందు ఐరోపా బూరలూ గొట్టం పొడవు మారదు కాబట్టి కొన్ని స్వరాలే పలికేవి. 1818లో బెర్లిన్‌లో హైన్‌రిష్ ష్టోల్‌సెల్, ఫ్రీడ్రిష్ బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వులకు పేటెంటు తీసుకున్నారు. మీట నొక్కగానే గాలి మరికొంత గొట్టం తిరిగి వస్తుంది. దాంతో స్వరం కిందికి దిగుతుంది. ఆ మీటలు లేకపోతే సినిమా పాట బ్యాండుమేళంలో పలికేదే కాదు!

సైనిక బ్యాండ్లను చూసి సంస్థానాలు తమ బ్యాండ్లు పెట్టుకున్నాయి. అక్కణ్నుంచి అవి పెళ్లి ఊరేగింపుల్లోకి నడిచొచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్ అలీ అండ్ కంపెనీ, దాని చుట్టూ జాలీ కోఠీ ప్రాంతంలో వెలసిన దుకాణాలూ దేశంలోని పెళ్లి బ్యాండ్లకు పెద్ద ఆధారమయ్యాయి. ఈ బ్యాండ్ల జీవితాలు ఎంత ఆసక్తికరమంటే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ బూత్ వాటిమీద పరిశోధన చేసి 2005లో ‘బ్రాస్ బాజా’ అని ఓ పుస్తకమే రాశాడు.

ఇంతకీ పటాలంలో ఉన్న బూరకూ పెళ్లిలో తిరిగే బూరకూ తేడా ఒకటుంది. సైన్యంలో దాన్ని పెట్టెలో పెట్టి దాచేందుకు మనుషులుంటారు. మన దగ్గర అది ఆటోలో డ్రమ్ముల మధ్య ఇరుక్కుని, ట్రాక్టరు మీద ఊగుతూ ఊళ్లు తిరుగుతుంది. విడిదింట్లో గోడకు ఆనిస్తే పిల్లలు లాగుతారు. అర్ధరాత్రి ఊరేగింపులో ఎవరో డ్యాన్సు చేస్తూ మీద పడతారు. సొట్ట పడకుండా ఎన్నాళ్లుంటుంది!

ఊపిరి దారిలో గుంత

చుట్టలు చుట్టి ఉంటుందిగానీ, సాగదీస్తే ట్రంపెట్ గొట్టం పొడవు నాలుగున్నర అడుగులు దాటుతుంది. యుఫోనియం తొమ్మిది అడుగులు. ఒంటికి చుట్టుకుని వాయించే పెద్ద సూసఫోన్ అయితే ఏకంగా 18 అడుగులు. ఇంత పొడవున్నా రేకు మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. అందుకే మోచెయ్యి గట్టిగా తగిలినా లోపలికి నొక్కుకుపోతుంది.

బూరలోకి గాలి ఊదితే అటునుంచి గాలి వస్తుందనీ, అదే పాటనీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఊదేవాడి పెదవులు వణికితే గొట్టంలో ఉన్న గాలి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊగడమే స్వరం. ఒక్కో స్వరానికి గొట్టంలో కొన్నిచోట్ల ఒత్తిడి బాగా మారుతుంది. మరికొన్నిచోట్ల గాలి కదలిక ఎక్కువగా ఉంటుంది. ఒత్తిడి మారే చోట గొట్టం నొక్కుకుపోతే ఆ స్వరం శ్రుతి పెరుగుతుంది. కదలిక ఎక్కువున్న చోట నొక్కుకుపోతే తగ్గుతుంది. ఈ చోట్లు స్వరం స్వరానికీ వేరు. అందుకే ఒకే సొట్ట ఒక స్వరాన్ని పైకి తోసి, దాని పక్కదాన్ని కిందికి లాగగలదు. మేళంలో పక్కవాళ్లతో శ్రుతి కలవక ఆ ఒక్క బూర విడిగా వినిపించడానికి కారణం ఇదే.

సొట్ట ఎంత పెద్దదన్న దానికన్నా ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. గొట్టం చివర ఉమ్మెత్తపువ్వులా విచ్చుకునే భాగాన్ని బెల్ అంటారు. ట్రంపెట్ బెల్ వెడల్పు 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాని అంచుకు పెద్ద సొట్ట పడినా వికారంగా కనిపిస్తుందేగానీ పాటకు వచ్చే నష్టం స్వల్పం. అదే మౌత్‌పీస్ పక్కనుండే సన్న గొట్టంలో అయితే? అక్కడ లోపలి వెడల్పు 12 మిల్లీమీటర్లకు కాస్త తక్కువే. రెండు మిల్లీమీటర్ల గుంత పడిందంటే ఊపిరి దారికి అడ్డం పడ్డట్టే.

ఇక వాల్వుల సంగతి మరీ సున్నితం. పిస్టనుకూ దాని తొడుగుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల్లోనే ఉంటుంది. తొడుగు మీద కంటికి సరిగా ఆనని నొక్కు పడినా మీట కిందికి దిగి పైకి రాదు. ముందుకూ వెనక్కూ జరిపి వాయించే ట్రాంబోన్ గొట్టాలదీ ఇదే అవస్థ.

ఇత్తడి మర్చిపోదు

మరి సొట్ట పడితే సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పోదా? ఇక్కడే అసలు కథ ఉంది.

ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన లోహం. బూరలకు ఎక్కువగా 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్న రకం వాడతారు. దానికి ఓ గుణం ఉంది. వంచిన కొద్దీ, కొట్టిన కొద్దీ గట్టిపడుతుంది. ఓ తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగిపోవడం అందరూ చూసిందే. సొట్ట పడినప్పుడు రేకు ఒకసారి సాగి గట్టిపడింది. దాన్ని వెనక్కి తోసినప్పుడు మరోసారి గట్టిపడుతుంది. తప్పుగా తోసి, మళ్లీ సరిచేయబోతే మూడోసారి. అలా సాగి సాగి రేకు పలచబడుతుంది. ఆపైన చీలుతుంది. అంటే సొట్ట తీసేవాడికి దొరికే అవకాశాలు లెక్కపెట్టినట్టు ఉంటాయి. మొదటి చెయ్యి తప్పు పడితే రెండో చెయ్యి ఎంత నేర్పుగలదైనా చేసేది తక్కువే.

లోపల దాగిన ఒత్తిడి ఎంత పని చేస్తుందో చెప్పే కథ ఒకటి మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ చేసిన ఇత్తడి తూటాల తొడుగులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. ఎవరూ కొట్టలేదు, పేల్చలేదు. వాటిని గుర్రపుశాలల్లో దాచేవాళ్లు. కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాకు వానాకాలపు తేమ తోడై, తయారీలో లోహంలో మిగిలిన ఒత్తిడి ఉన్నచోటల్లా ఇత్తడిని చీల్చేసింది. తూటా తొడుగును తయారీలో తగుమాత్రం వేడిచేసి ఒత్తిడి పోగొడితే పగుళ్లు ఆగిపోయాయి. పాత సొట్టలతో, పచ్చి మరమ్మతులతో ఒత్తిడి నిండిన బూరను పశువుల కొట్టంలో అటక మీద పడేస్తే దానికీ అదే గతి పట్టవచ్చు!

గట్టిపడ్డ ఇత్తడిని మళ్లీ మెత్తబరిచే దారి ఉంది. 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి చల్లారనివ్వడమే అది. బిందెలు చేసే కంచరులకు ఇది తాతల నాటి విద్య. కానీ బూరను అలా కొలిమిలో పెట్టడానికి లేదు. దాని గొట్టాలనూ ఊతకమ్ముల్నీ కలిపి ఉంచే టంకం 200 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగిపోతుంది. మెరుపు కోసం వేసిన లక్క పూత మాడిపోతుంది. కాల్చక తప్పదంటే ముందు ఆ భాగాన్ని విడదీసి, తర్వాత మళ్లీ తూచినట్టు అతకాలి. బెల్ మరీ మెత్తబడితే చిన్న దెబ్బకే మళ్లీ సొట్ట పడుతుంది. అందుకే తెలిసినవాడు ఆఖరి దారిగానే నిప్పు దగ్గరికి వెళ్తాడు.

సొట్ట తీసే విద్య

నేర్పున్న పనివాడు ముందు సుత్తి పట్టుకోడు. వేలు పెట్టి తడుముతాడు. కంటికి ఒకటే సొట్ట కనిపించినా వేలికి దాని చుట్టూ లేచిన గట్టు తెలుస్తుంది. రేకు లోపలికి పోయిన చోట పక్కన కొంత పైకి ఉబుకుతుంది. గుంతతోపాటు ఆ గట్టునూ దారికి తేవాలి. లేకపోతే సొట్ట పోయిన చోట అలలు మిగిలిపోతాయి.

బెల్ భాగానిది కాస్త సులువైన పని. లోపలికి చెయ్యో కడ్డీయో పోతుంది. ఆ వంపుకు సరిపోయేలా నున్నగా చేసిన ఇనప కడ్డీని వైసులో బిగిస్తారు. బూరను దానిమీద తొడిగి, నూనె రాసి, పైనుంచి నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్దుతారు. కొట్టడం కన్నా రుద్దడమే ఎక్కువ. దెబ్బ పడితే రేకు సాగుతుంది. రుద్దితే ఉన్నచోటికి జరుగుతుంది. కొట్టక తప్పదంటే కర్ర సుత్తో, తోలు సుత్తో వాడతారు.

చెయ్యి దూరని గొట్టాలకు ఉక్కు గుండ్లే దిక్కు. మిల్లీమీటరులో కొద్ది కొద్ది తేడాలతో వరసగా పెద్దవవుతూ పోయే గుండ్ల జత ఈ పనికి ప్రాణం. గుంత కింద పట్టేంత గుండును ముందు లోపలికి పంపుతారు. దాన్ని కడ్డీతోనో, మరో గుండుతోనో సొట్ట కిందికి తోస్తారు. గుంత చుట్టూ ఉన్న గట్టు మీద చిన్న సుత్తితో తేలిగ్గా తడతారు. రేకు ఓ వెంట్రుకవాసి లేస్తుంది. ఆ గుండు తీసి కాస్త పెద్దది పంపుతారు. మళ్లీ అదే పని. చివరికి గొట్టం అసలు వెడల్పున్న గుండు ఎక్కడా తట్టుకోకుండా ఇటు నుంచి అటు వెళ్లిందంటే సొట్ట పోయినట్టే. తొందరపడి మొదటే పెద్ద గుండును బలవంతాన తోస్తే అది ఇరుక్కుంటుంది. లేదా గొట్టమే ఉబ్బుతుంది. లోపలికి పోయిన సొట్టను సరిచేయొచ్చుగానీ, సాగి ఉబ్బిన గొట్టాన్ని కుదించడం చాలా కష్టం.

మెలి తిరిగిన వంపుల్లో కడ్డీ పోదు. అలాంటప్పుడు టంకం కరిగించి ఆ ముక్కను విడదీయాలి. ఏ దారీ లేకపోతే సొట్ట మధ్యలో చిన్న కడ్డీని టంకంతో అతికించి బయటికి లాగుతారు. తర్వాత కరిగించి తీసేస్తారు. గుర్తు మిగలకుండా చేయడానికి చాలా ఓపిక కావాలి.

1980ల్లో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక ఇంకో ఉపాయం దొరికింది. ఇనుమును లాగే అయస్కాంతం ఇత్తడిని లాగదు. లోపల ఉక్కు గుండు, బయట బలమైన అయస్కాంతం పెట్టి జరిపితే మధ్యలో ఉన్న ఇత్తడి రేకును గుండు లోపలినుంచి ఒత్తుకుంటూ వస్తుంది. విడదీసే పని లేదు, పూత మాడే భయం లేదు. అయినా చెయ్యి చేసే పని చెయ్యిదే. మడత పడిన సొట్టకు, గట్టిపడ్డ పాత రేకుకు అయస్కాంతం ఒక్కటే చాలదు.

అన్నీ అయ్యాక మెరుగు పెట్టడం. ఇక్కడా ఓ మోసం పొంచి ఉంది. తళతళలాడించాలని అదేపనిగా అరగదీస్తే ఉన్న అర మిల్లీమీటరులో కొంత పొడిగా రాలిపోతుంది. కొత్తదానిలా మెరిసే బూర కంటే, చిన్న మచ్చ ఉన్నా మందం మిగిలిన బూరే మేలు.

తెలియక చేసే తప్పులు

బళ్లో బ్యాండు వాయించే పిల్లాడున్న ఇంటికైనా, మేళమే బతుకుతెరువైన ఇంటికైనా ఈ జాగ్రత్తలు పనికొస్తాయి.

సొట్ట కనిపించగానే కర్రో, స్క్రూడ్రైవరో పెట్టి లోపలినుంచి పొడవొద్దు. మొన తగిలిన చోట రేకు బయటికి పొడుచుకొచ్చి ఒక సొట్ట రెండవుతుంది.

కారు టింకరింగు చేసేవాళ్లు గుంతను లప్పంతో నింపి రంగు వేస్తారు. కారుకు పైమెరుగు చాలు. బూరకు కావాల్సింది లోపలి ఆకారం. లప్పం దాన్ని మార్చలేదు.

మౌత్‌పీస్ బిగుసుకుపోతే పటకారుతో తిప్పొద్దు. సన్నటి గొట్టం మెలిపడిపోతుంది. దాన్ని నిటారుగా బయటికి లాగే చిన్న పనిముట్టు ఉంటుంది. అది ఉన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

పూజ సామాను తోమినట్టు చింతపండు పెట్టి తోమొద్దు. ఆ పులుపు ఇత్తడిని తింటుంది. వాల్వుల్లో చేరిన పిప్పి బయటికి రాదు. గోరువెచ్చటి నీళ్లూ కాస్త సబ్బూ చాలు. మరిగే నీళ్లు పోస్తే పూత ఊడొస్తుంది.

రేకు మీద గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే జాగ్రత్త. లోపలినుంచి జింకు కరిగిపోయి ఉత్త రాగి మిగులుతున్న గుర్తు అది. ఉమ్మి తడి లోపల ఆరకుండా నిలిచే బూరల్లో ఎక్కువ. అలాంటి చోట సొట్ట తీయబోతే చిల్లు పడుతుంది. పనివాడికి ముందే చూపించాలి.

తుక్కు లెక్క... బతుకు లెక్క

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం... పెళ్లి ముహూర్తాలున్న నెలలే బ్యాండువాళ్లకు నాలుగు డబ్బులు వచ్చే రోజులు. పల్నాడులో మహాశివరాత్రి కూడా వీటికి తోడు. అమరావతిలో స్వామివారి కల్యాణం, కోటప్పకొండకు ప్రభలు కదిలే తిరునాళ్ల, అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే. ఆ సమయంలో బూరను మరమ్మతుకిచ్చి ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. అందుకే సొట్టలతోనే వాయిస్తారు. నిలబడని స్వరాన్ని పక్కవాడికి వదిలేస్తారు. పెదవుల బిగువు మార్చి శ్రుతి సర్దుకుంటారు. దానివల్ల నోరు త్వరగా అలసిపోతుంది. రాత్రంతా సాగే ఊరేగింపులో ఆ అలసట చిన్నదేం కాదు.

పెళ్లిళ్లుండని ఆషాఢం, మూఢం రోజులే మరమ్మతులకు వీలు. అప్పుడు చేతిలో డబ్బుండదు! చిన్న చిన్న నొక్కులు మేళంలో అనుభవమున్నవాళ్లే సరిచేసుకుంటారు. చిల్లులకూ ఊడిన అతుకులకూ టంకం తెలిసిన కంచరి ఉంటే చాలు. వాల్వుల పనికి, మెలిపడిన గొట్టాలకు మాత్రం ఈ పనే చేసే చెయ్యి కావాలి. అది అన్ని ఊళ్లలో దొరకదు. స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చి ఇత్తడి బిందెలు తగ్గిపోయాక ఊరూరా తిరిగి మాట్లు వేసేవాళ్లూ, కళాయి పెట్టేవాళ్లూ తగ్గిపోయారు. మరోపక్క డీజే పెట్టెలు బ్యాండుకు పోటీగా వచ్చాయి. బేరాలు తగ్గితే మరమ్మతులు తగ్గుతాయి. మరమ్మతులు తగ్గితే ఆ పని నేర్చుకునేవాడూ తగ్గుతాడు. పనివాడు లేక బాగుపడని బూరతో వాయించిన మేళం శ్రుతి తప్పుతుంది. ఆ మేళం విన్నవాళ్లు తర్వాతి పెళ్లికి డీజే మాట్లాడతారు. ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట బాగుచేసే చెయ్యి ఉంటే కథ మరోలా నడుస్తుంది.

బూరను తుక్కు కొట్టుకు వేస్తే దక్కేది కిలోల లెక్కన ఇత్తడి ధర. తక్కెడకు ట్రంపెట్టూ ఒకటే, చిల్లు బిందే ఒకటే. కానీ సొట్ట తీసి, వాల్వులు కదిలేలా చేసి, శ్రుతి చూసి చేతికిస్తే అదే ఇత్తడి మరో పదేళ్లు ఓ ఇంటికి అన్నం పెడుతుంది. ఓ తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి వెళ్తుంది.

ఈసారి మీ వీధిలో ఊరేగింపు వెళ్తుంటే ఆ బూరల వంక ఓసారి తేరిపార చూడండి. ఎక్కడో ఓచోట దీపం వెలుగు సాఫీగా జారకుండా చిన్న అలలా వణుకుతుంది. అక్కడ ఒకప్పుడు సొట్ట ఉండేది. ఎవరో కూర్చుని, గుండు తర్వాత గుండు పంపి, వెంట్రుకవాసి చొప్పున దాన్ని పైకి తెచ్చారు. ఇప్పుడు వినిపిస్తున్న పాటలో వాళ్ల వాటా కూడా ఉంది.